బోథ్ చలికి మొండికేసిన క్రిస్టల్

2022 చలికాలం. కరీంనగర్‌లో వైద్య పరికరాలు బాగుచేసే నా దుకాణానికి బోథ్ నుంచి లక్ష్మమ్మ ఒక ఆక్సిజన్ కాన్సంట్రేటర్ తెచ్చింది. గాలిలోంచి ఆక్సిజన్‌ను వేరుచేసి ఇచ్చే యంత్రం అది. ఆమె భర్త రాజయ్యకు ఊపిరితిత్తులు చెడిపోయాయి. యంత్రం ఆగినప్పుడల్లా అద్దె సిలిండర్ మీద నెట్టుకొస్తున్నారు. పొద్దున స్విచ్ వేస్తే లేవడం లేదని చెప్పింది.

నా దగ్గర మాత్రం వేయగానే లేచింది. రోజంతా నడిపి చూసి పంపాను. మర్నాడే ఫోన్, మళ్లీ లేవలేదని. రెండోసారి తెచ్చినా నా బల్ల మీద శుభ్రంగా నడిచింది. కరెంటు తేడా అనుకుని స్టెబిలైజర్ ఇచ్చాను. లాభం లేకపోయింది.

"నీ దగ్గర నడుస్తది సారూ, మా ఇంట్ల నడ్వది. గిదేందో నాకు సమజైతలేదు," అంది లక్ష్మమ్మ. నాకూ అర్థం కాలేదు.

చివరికి నేనే బోథ్ వెళ్లి వాళ్లింట్లో పడుకున్నాను. తెల్లవారేసరికి ఇల్లంతా మంచులా ఉంది. స్విచ్ వేస్తే దీపం వెలిగింది, మోటారు కదల్లేదు. మూత విప్పి, బోర్డు మీది క్రిస్టల్ అనే చిన్న ముక్కకు మీటరు పుల్ల ఆనించగానే మోటారు గుర్రుమంది. ఆపి మళ్లీ వేస్తే ఉలుకూ పలుకూ లేదు. ఇంకా అయోమయంలో పడ్డాను. ఏం చేయాలో తోచక ఆ క్రిస్టల్‌ను వేళ్లతో కాసేపు పట్టుకుని స్విచ్ వేశాను. లేచింది.

అప్పుడు నా బుర్రలో వెలిగింది. బలహీనపడ్డ క్రిస్టల్ చలికి మొండికేస్తోంది, నా దుకాణం వెచ్చదనానికి నడుస్తోంది. క్వార్ట్జ్ రాయిని పలుచగా కోసి కరెంటు ఇస్తే ఒకే వేగంతో కంపిస్తుంది. యంత్రం నడిచేది ఆ లయ మీదే. పాత రేడియోల కాలంలో గనిలో తవ్వినదాన్ని కోసేవాళ్లు, ఇప్పుడు ఫ్యాక్టరీల్లో పెంచుతున్నారు. వెంట తెచ్చిన సంచిలోంచి కొత్తది తీసి అతుకుతూ ఇదంతా చెబుతుంటే మంచం మీది రాజయ్య మెల్లగా అడిగాడు.

"గ్రానైటుల మెరుస్తది సూడు, గా రాయేనా?"

అదేనన్నాను. ఆయన కరీంనగర్ క్వారీల్లో ఏళ్లతరబడి రాయి కోసిన మనిషి. ఊపిరితిత్తుల్లో పేరుకున్నది ఆ దుమ్మేనని లక్ష్మమ్మ చెప్పింది.

"మరి గది మంచిదా, చెడ్డదా సారూ?" అన్నాడాయన. నేను యంత్రం మూత బిగించాను.

ఆ చలికాలం యంత్రం మళ్లీ ఆగలేదు. ఇప్పుడు ఎవరు ఏది తెచ్చినా, అది ఇంట్లో ఎక్కడ ఉంటుంది, ఏ వేళకు ఆగుతుంది అని ముందు అడుగుతాను. నా బల్ల మీద నడిచినంత మాత్రాన వాళ్ల మాట అబద్ధం కాదు.