యీషున్‌లో పగలు ఉండే ఆంటీ

మా ఎదురింటి ఆంటీ గత మంగళవారం పొద్దున కన్నుమూశారు. కబురు నాకు రైల్లో అందింది. ఆ వేళకి మా బ్లాకులో సగం మంది ఆ రైల్లోనే ఉంటారు, ఎవరి ఫోన్‌లో వాళ్లం. తర్వాతి స్టేషన్‌లో దిగి వెనక్కి వచ్చాను.

సింగపూర్‌లో మేముండే యీషున్ నాకు ఏళ్ల తరబడి రాత్రిపూట ఊరే. చీకటితో స్టేషన్‌కి పరుగు, చీకటి పడ్డాక ఇల్లు. ఆంటీ మలేషియాలో పుట్టిన తెలుగావిడ. పెళ్లయి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నేను తాళం తీస్తుంటే ఎదురు తలుపులోంచి, "మకాన్ అయిందా తల్లీ?" అని తిండి సంగతి అడిగేవారు. ఊరుకోకుండా, "మీరిక్కడ పడుకుంటారు, ఉండేది మేమే," అని కూడా అనేవారు. నాకు ఒళ్లు మండేది. ఫ్లాట్ కొనుక్కున్న మనిషిని కదా!

నేను కాలు విరిగి ఇంట్లో ఉండిపోయినప్పుడు ఆ మాట అర్థమైంది. పొద్దున పదయ్యేసరికి ఊరు వేరేవాళ్ల చేతికి వెళ్లిపోతుంది. బ్లాకు కింద ఇళ్లు లేకుండా ఖాళీగా వదిలే వాయిడ్ డెక్‌లో తాతల చదరంగం, లిఫ్టు దగ్గర పనిమనుషుల కబుర్లు, మార్కెట్లో ఆంటీ కోసం చేప తలకాయ దాచి ఉంచే చైనా ఆయన. ఆంటీ నన్ను చక్రాల కుర్చీలో తిప్పుతూ మలయ్ భాషలో అందరికీ పరిచయం చేశారు: "మా ఎదురింటి పిల్ల, కొత్త." అప్పటికి నేనక్కడ చేరి తొమ్మిదేళ్లు.

ఆవిడ కూతురు సింగపూర్ తూర్పు కొసన పాసిర్ రిస్‌లో ఉంటుంది. అమ్మను అక్కడినుంచే సాగనంపాలనుకుంది. "వర్కింగ్ డే అక్కా, ఇక్కడ ఎవరొస్తారు? అమ్మ ఒక్కతే అయిపోద్ది," అంది. ఆంటీ ఏమో బతికుండగా కూతురు ఎన్నిసార్లు పిలిచినా అక్కడికి వెళ్లని మనిషి. "ఇక్కడే ఉంచమ్మా, వస్తారు," అన్నాను. అనేశాను గానీ రాత్రంతా భయమే. ఎవరూ రాకపోతే ఆ పిల్లకి ఏం మొహం చూపించను?

మర్నాడు మధ్యాహ్నం వచ్చారు. చేపలాయన అప్రాన్ కూడా విప్పకుండా వచ్చాడు. పనిమనుషులు తాము చూసుకునే ముసలమ్మలను చక్రాల కుర్చీల్లో తోసుకుంటూ వచ్చారు. తాతలు ఆట ఆపి లేచి నిలబడ్డారు. వాయిడ్ డెక్‌లో ఆంటీని ఉంచిన చోట వేసిన కుర్చీలు చాలలేదు. "వీళ్లంతా ఎవరక్కా?" అని కూతురు నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఒక్కొక్కరినీ చూపించి చెప్పాను. చెప్పగలిగినందుకు ఆంటీకి రుణపడి ఉంటాను.

మండాయ్ శ్మశానంలో దహనం అయ్యాక తిరిగొచ్చేసరికి స్టేషన్ నుంచి ఆఫీసుల జనం వస్తున్నారు. కింద కుర్చీలు దొంతర పెడుతున్నారు. లిఫ్టులో ల్యాప్‌టాప్ సంచి తగిలించుకున్న అమ్మాయి అడిగింది:

"ఎవరో పోయినట్టున్నారు. ఏ ఫ్లోర్?"

"మన ఫ్లోరే," అన్నాను.

మా ఇద్దరికీ కలిపి ఒక్క బటనే వెలుగుతోంది.