ఫ్రెంచి ‘ర’కు బలైన నా గొంతు

రాయదుర్గం దగ్గర రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు వెలిగించి, డప్పులు కొడుతూ వంటావార్పూ చేస్తున్నారు. మా ఆఫీసు క్యాబ్ ఆగింది. మెడలో కండువా వేసుకున్న ఒకాయన కిటికీలోకి వంగి, “జర జై తెలంగాణ అనుండ్రమ్మా, పోనిస్తం” అన్నాడు. అందామనే నోరు తెరిచాను. నీళ్లు రాని కుళాయి చప్పుడొకటి బయటికొచ్చింది. నా కొంప మునిగిందని తెలిసిన క్షణం అదే.

ఎలా మునిగిందో చెప్తాను, మీరు నవ్వుకోండి. ఫ్రాన్సు వాళ్ల ప్రాజెక్టులో ఉండాలంటే ఆ రోజు పదకొండింటికి ఫోన్‌లో ఫ్రెంచి పరీక్ష పాసవ్వాలి. పోతే తీసేస్తారు. అన్నీ వచ్చాయి గానీ వాళ్ల ‘ర’ ఒక్కటే లొంగలేదు. అది నాలుకతో పలికేది కాదట, గొంతు అడుగు నుంచి రావాలట. “రోజూ ఐదు నిమిషాలు నీళ్లు పుక్కిలిస్తున్నట్టు అనండి” అంది ఆఫీసులో మాకు ఫ్రెంచి చెప్పే టీచరమ్మ; పరీక్ష పెట్టేదీ ఆవిడే. గుంటూరులో ఫస్టు క్లాసులో డిగ్రీ పాసైనదాన్ని, ఐదు నిమిషాలతో ఆగుతానా? మూడు రోజులు వంటింట్లో, స్నానాల గదిలో, క్యాబ్‌లో గరగరలాడిస్తూనే ఉన్నాను.

“ఏందమ్మా, అనబుద్ధయితలేదా?” కండువా ఆయన ముఖం మారింది. ఇంకో పదిమంది చుట్టూ చేరారు. నేను చేతులూపాను, గొంతు చూపించాను. అసలే గుంటూరుదాన్ని, పైగా మౌనవ్రతం! టైము పదీ యాభై.

డ్రైవరు యాదయ్య దిగాడు. “అన్నా, మేడంకు గొంతు పోయిందే. మూడ్రోజులసంది గరగరమని ప్రాక్టీసు. గిప్పుడే ఫోన్ల పరీక్షున్నది.”

“ఏం ప్రాక్టీసు?”

“ఫ్రాన్సోళ్ల ర నేర్వనీకి.”

“మన ‘ర’కేమైందట?”

యాదయ్య నా గొంతు వైపు చెయ్యి చూపించాడు.

పెద్ద గిన్నెలో గరిటె తిప్పుతున్న ముసలమ్మ కసిరింది. “గొంతు లేని పిల్లను పట్టుకొని గా లొల్లేంది? ఇటు రా బిడ్డా, పరేషాన్ గాకు.” స్టీలు గ్లాసులో మిరియాల చారు పోసిచ్చింది. రెండు గుక్కలు తాగానో లేదో ఫోన్ మోగింది.

“ఊకోండ్రి! బిడ్డకు పరీక్ష!” ముసలమ్మ గరిటె ఎత్తింది. డప్పులు ఆగాయి. రాష్ట్రం కోసం రోడ్డు మీద కూర్చున్న జనమంతా నా ‘ర’ కోసం ఊపిరి బిగబట్టారు.

టీచరమ్మ ఒక వాక్యం చదివింది. నేను తిరిగి చెప్పాను. అంటే, చెప్పాననుకున్నాను.

“మళ్లీ అనండి.”

మళ్లీ గరగర.

“అద్భుతమండీ! ఇంత చక్కని ర మీ బ్యాచ్‌లో ఎవరికీ రాలేదు. మరి మిగతా అక్షరాలేవండీ?”

దిక్కుతోచక ఫోన్ యాదయ్య చేతికిచ్చాను.

“మేడం, మిగిలినయి పొద్దుగాల్నే పోయినయి” అన్నాడు.

టీచరమ్మ నవ్వాపుకుని పరీక్షను వచ్చే వారానికి వాయిదా వేసింది. అంతదాకా ప్రాజెక్టులో నా కుర్చీ నాదే. కండువా ఆయన క్యాబ్ తలుపు తీసి, “పో అమ్మా, మనసుల అనుకో, చాలు” అన్నాడు. అనుకున్నాను, చాలా గట్టిగా.

మర్నాడు పొద్దున ఇంట్లో మా పిల్లలిద్దరినీ ఎదురుగా నిలబెట్టి గుసగుసగా ప్రమాణం చేశాను.

“ఇక జన్మలో ఏ దేశపు అక్షరంతోనూ పంతానికి పోను. ఇవాళ మీ మీద అరవలేను కాబట్టి, మీరే ఒకర్నొకరు తిట్టుకుని, మీరే భయపడి, స్కూలుకి తయారవండి.”