ముత్తాత పేరేటి?

ఆ రోజుల్లో నాకు మధురవాడలో కొత్తగా ఉద్యోగం వచ్చింది. కంప్యూటర్ ముందు కూర్చుంటే లోకంలో దొరకని సంగతంటూ ఉండదని గట్టి నమ్మకం. (జీతం తక్కువ, నమ్మకం ఎక్కువ.) ఆ ధీమాతోనే కంచరపాలెంలో మా నాయనమ్మ మంచం పక్కన నిలబడి, ఆవిడ తండ్రి సంగతి నేను కనుక్కుంటానని మాటిచ్చేశాను. ఆవిడ పొత్తిళ్ళలో ఉండగానే ఆయన హార్బర్‌లో కళాసీ పనికని విశాఖపట్నం వచ్చి, మరి ఇంటి ముఖం చూడలేదు. ఎలా పోయాడో సరే, ఆయన పేరే ఎవరికీ తెలియదు. మా తాతమ్మ, అంటే నాయనమ్మ తల్లి, బతికినన్నాళ్ళూ మొగుడి పేరు పలకలేదు. పసిపిల్లతో పుట్టింటికి చేరిపోవడంతో, చెప్పడానికి అత్తింటివాళ్ళూ లేకపోయారు; వదిలేసిపోయిన అల్లుడి పేరు పుట్టింటి పెద్దలూ ఎత్తకుండానే పోయారు. ఏటా మహాలయ అమావాస్యకి నాన్న నువ్వులూ నీళ్ళూ వదులుతుంటే, పంతులుగారు తల్లిగారి తండ్రి పేరు చెప్పమనేవారు. నాన్న నాయనమ్మ వైపు చూసేవాడు. ఆవిడ తల దించుకునేది. తను పోయేలోగా తండ్రికి పేరు పెట్టి నీళ్ళు వదిలించాలని ఆవిడ కోరిక.

సెలవులు పెట్టి మరీ తిరిగాను. రేవులో పాత రికార్డులు చూసే గుమస్తా, పేరు చెబితే వెతుకుతానన్నాడు. పేరు కోసమే వచ్చానన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, టీ తాగి రమ్మన్నాడు. తాతమ్మ పుట్టింటి ఊరికెళితే పంచాయతీ ఆఫీసులోనూ అదే ప్రశ్న. చివరికి ఇంటర్నెట్‌లో ‘ముత్తాత’ అని కొట్టి చూశాను (నవ్వకండి). నాయనమ్మ అడగడం మానేసింది. అడిగినా బాగుండును అనిపించేది.

ఒక ఆదివారం, చేపలు తోముతున్న అమ్మ నా ఏడుపు వినలేక అంది: “మీ తాతమ్మ మీ నాన్నని బుల్లోడా అనేది గానీ, పేరెట్టి పిలిసిందేటి? మొగుడి పేరయితే ఎలా పిలుత్తాది? నాను పిలుత్తన్నానా ఏటి?”

నాన్న పుట్టినప్పుడు సింహాద్రి దేవుడి పేరు పెట్టమని పట్టుబట్టింది తాతమ్మే. మొక్కేమో అనుకుని అందరూ అప్పన్న అని పెట్టేశారు. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా పని.

ఆ సంగతి చెబితే నాయనమ్మ గోడ వైపు తిరిగిపోయింది. “అయితే ఇన్నాళ్ళూ మా అయ్య పేరెట్టి సన్నాసీ, సచ్చినోడా అని తిట్టినానేటిరా,” అని ఏడ్చింది.

మర్నాడే గుమస్తా దగ్గరికి పరిగెత్తాను. “ఏ అప్పన్న కావాలి బాబూ? ఈ రేవులో మూటలు మోసినోళ్ళలో సగం మంది అప్పన్నలే,” అన్నాడు. అంతే. ఆయన ఎక్కడ పడుకున్నాడో, ఏం తిన్నాడో, కొరివి పెట్టిందెవరో, ఇక తెలియదు. ఎన్నటికీ తెలియదు.

ఆ అమావాస్యకి నాన్న తన పేరే తాత పేరుగా చెప్పి నీళ్ళు వదిలాడు. అప్పట్నుంచి నాయనమ్మ నాన్నని పల్లెత్తు మాటనలేదు. స్నానం చెయ్యకుండా కాఫీకి వచ్చినా లేచి కూర్చుని కొంగు సర్దుకునేది. అరవై దాటిన మనిషి, నాన్న ఉండబట్టలేక, “ఒక్కసారి తిట్టవే అమ్మా,” అని బతిమాలేవాడు.

“తప్పు కదా అయ్యా,” అనేది.

ఆవిడ పోయేదాకా అంతే. తండ్రిని వెతికి తెస్తానని ఛాతీ విరుచుకుని బయల్దేరిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. నాన్న ఎదురుగా ఉన్నప్పుడు మాత్రం నవ్వలేను.