థింసాలో జారిన ప్యాంటు

అనంతగిరిలో మాకు కిరాణా కొట్టు ఉంది. బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్న మరుసటేడు, చైత్రంలో గిరిజనుల వేట పండగైన ఇటుకల పండక్కి పక్క గూడెం ఆడవాళ్లు థింసా ఆడదామని నన్నూ లాగారు. అంతకుముందు ఎప్పుడూ కుర్చీలో కూర్చుని చూసేదాన్నే. చిక్కినా, మళ్లీ లావైపోతానేమోనన్న భయంతో పాతబట్టలే వేసుకునేదాన్ని.

థింసాలో చేతులు వెనక్కి పోనిచ్చి, పక్కవాళ్ల నడుములు చుట్టి గొలుసులా పట్టుకోవాలి. డప్పు జోరందుకునేసరికి నా చుడీదార్ ప్యాంటు జారడం మొదలైంది. చెయ్యి వదిలితే వరుస తెగుతుంది. వదలకపోతే ఊరందరి ముందూ నా పరువు పోతుంది. పక్కనున్న ముసలామె బుద్రమ్మ చెవిలో సంగతి చెప్పాను.

"సెయ్యి ఒగ్గకు. నాను పట్టుకుంటాను," అని నడుం దగ్గర ప్యాంటుని పిడికిట బిగించి, ఒక్క అడుగు తప్పకుండా చివరిదాకా ఆడింది.

ఆట ఆగాక నవ్వుతూ, "కొత్తది కొనుక్కో గుంటా. వచ్చే పండక్కి నా సెయ్యి ఉంటాదో నేదో," అంది.

ఇంటికెళ్లి పాతబట్టలన్నీ కొట్లోకి మసిగుడ్డలు చేసేశాను. ఒళ్లు తగ్గిందని డాక్టరు ఎన్నిసార్లు చెప్పినా అప్పటిదాకా నమ్మబుద్ధి కాలేదు మరి.

ఈ ఏడు పండక్కి కొత్త ప్యాంటుతో వెళ్లాను. అయినా వరుసలో నా పక్కనే నిలబడ్డ బుద్రమ్మ పిడికిలి నా నడుం దగ్గరే బిగిసి ఉంది.