మా డాక్టరమ్మ గారు, కర్రోడు, ఒక మిర్చి కల్లం

మా డాక్టరమ్మ గారు పోయారు. ఆ కబురు అందేసరికి నేను చీరాల స్టేషను బయట ఒక ఆటో డ్రైవరు కాలరు పట్టుకుని ఉన్నాను. చక్రం పక్కన పడుకున్న కుక్కని అతను కాలితో తన్నాడు. అది నేను చూశాను. ఇంతలో ఫోను మోగింది. ఆవిడ కుక్కల షెడ్డులో వంట చేసే ఆమె, "బాబూ, అమ్మగారు నిద్దట్లోనే పోయారయ్యా" అంది. కాలరు వదిలేశాను. "ఏమైంది తమ్ముడూ, ఎవరికన్నా బాగాలేదా?" అని అడిగింది ఆ డ్రైవరే. నన్ను ఎక్కించుకుని షెడ్డు దాకా దింపిందీ అతనే.

మర్నాడు స్నేహితులు ఫ్లెక్సీ వేయిద్దామన్నారు. 'మూగజీవుల మాతృమూర్తి' అని పైన పెద్ద అక్షరాలు. నేను గొడవపడి ఆపించాను. ఆవిడకి ఆ మాటలు పడవు. ఎవరైనా అలా పొగిడితే, "మాతృమూర్తినైతే వీటి గోళ్ళు ఎవరు కత్తిరిస్తారు? పట్టుకో ఇటు" అనేవారు. అందుకే పొగడకుండా ఒక కుక్క సంగతి రాస్తున్నాను. ఆవిడ ఎలాంటి మనిషో చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి దారి తెలియదు.

ఆవిడ ప్రభుత్వ పశువుల ఆసుపత్రిలో పనిచేసి రిటైరయ్యారు. సర్వీసంతా గేదెలతోనే గడిచింది. ఆ తర్వాత ఊరి బయట పొగాకు కాల్చే పాడుబడ్డ బ్యారన్ ఒకటి తీసుకుని, దానికి రేకుల షెడ్డు కలిపి, ఎవరికీ అక్కర్లేని కుక్కల్ని చేరదీశారు. నైలాన్ చీర కుచ్చిళ్ళు ఎగదోపి, కాళ్ళకి కాన్వాస్ బూట్లు వేసుకుని తిరిగేవారు. మనుషులతో గట్టిగా, కుక్కలతో గొణుగుతున్నట్టు మాట్లాడేవారు. కొత్త కుక్క వస్తే పిలిచేవారు కాదు. దానికి పక్కగా తిరిగి, ముక్కాలిపీట మీద కూర్చుని పేపరు చదువుకునేవారు. అది వచ్చి వాసన చూసేదాకా పేజీలు తిప్పుతూనే ఉండేవారు.

నేను అక్కడికి సంచీ నిండా కరపత్రాలతో వెళ్ళాను. బోనులు బద్దలు కావాలని, ప్రాణులన్నీ సమానమని, చదివిందంతా అప్పటికే నా నోటికొచ్చు. మొదటి రోజే అనేశాను, "మీరు నడుపుతున్నది జైలండీ" అని.

"అవునా! అయితే జైల్లో ఆ చివరి గది కడుగు. చీపురు తలుపు వెనకాల ఉంది."

చీపురు విసిరికొట్టి వచ్చేద్దామనుకున్నాను. కానీ ఆ చివరి గదిలో కర్రోడు ఉన్నాడు.

ఒళ్ళంతా కర్రి నలుపు, అందుకే ఆ పేరు. ఒక చెవి చివర చిరిగి ఉంది. ఒక కోల్డ్ స్టోరేజీ వాళ్ళు వ్యానులో తెచ్చి దింపేసి పోయారు. "మొరగదు, గుర్రనదు, చెప్పకుండా పట్టుద్ది" అని చెప్పారట. అక్కడ ఇద్దరు హమాలీలను కరిచాడు. పిచ్చి లేదని గమనించి తేల్చుకున్నాక డాక్టరమ్మ గారు వాడికి పరీక్షలు మొదలుపెట్టారు. రబ్బరు తొడుగులో దూది కుక్కి, పొడవాటి కర్రకి కట్టి, వాడు తింటుంటే ఆ దూది చేతిని గిన్నెలో పెట్టేవారు. మొదట్లో ఆ చెయ్యి పీలికలయ్యేది. చెయ్యి వచ్చిన ప్రతిసారీ గిన్నెలో ఇంకో ముద్ద పడుతుందని తెలిశాక, దాన్ని చూసి తోక ఊపడం నేర్చుకున్నాడు. గొడుగు విప్పి చూపించారు. సైకిలు, చేటలు, పలుపుతాడు, గడకర్ర, ఆడుకునే పిల్లల కేకలు, అన్నీ దూరం నుంచి మొదలుపెట్టి దగ్గరికి తెచ్చారు. అన్నిట్లోనూ గట్టెక్కాడు.

"వాడు మంచోడండీ. ఎవరికైనా ఇచ్చేయొచ్చు" అన్నాను.

"హమాలీలను ఎందుకు పట్టాడో నాకింకా తెలీదురా."

"వాళ్ళు కొట్టుంటారు!"

"ఉంటారు అనేది నీ పుస్తకాల్లో చెల్లుద్ది. నువ్వు మంచివాడివని కూడా వాడికి తెలీదు. వాడికి తెలిసింది నీ చేతులే."

ఇంతలో షెడ్డుకి పాలు పోసే ఆయన మీదికి ఒక చలికాలం ఉదయం కర్రోడు దూకాడు. పాలు పోయాయి, పంచె చిరిగింది. సాయంత్రానికి ఊరి పెద్దలు నలుగురు వచ్చారు. "అమ్మా, మీరంటే గౌరవం. కానీ ఆ నల్లది ఇంకొకళ్ళ మీద పడితే మాత్రం షెడ్డు ఉండదు" అన్నారు.

"ఇంకొకళ్ళ మీద పడితే మీరు రానక్కర్లేదు. నేనే సూది వేస్తా" అన్నారావిడ.

వాళ్ళు వెళ్ళాక నేను అరిచిన అరుపులకి షెడ్డులో కుక్కలన్నీ మొరిగాయి. హత్య అన్నాను. ఆవిడ టీ గ్లాసు కింద పెట్టారు. "వాడికి ఇంకో ఇల్లు లేదు. రోడ్డు మీద వదిలితే కర్రలతో చంపుతారు. అదీ ఒక్క దెబ్బకి పోడు. అప్పుడు నీ పుస్తకం అడ్డం నిలబడుద్దా?" నా దగ్గర జవాబు లేకపోలేదు. చాలా ఉన్నాయి. ఒక్కటీ కర్రోడికి పనికొచ్చేది కాదు.

పర్చూరు వైపు నుంచి సాంబయ్య అనే కౌలు రైతు కుక్క కోసం వచ్చాడు. మిర్చి కల్లంలో ఆరబోశాక కాయ ఎండేదాకా అక్కడే పడుకోవాలి. అడవి పందులు వస్తాయి, తోడు కావాలన్నాడు.

"గొలుసేస్తావా?" అని అడిగారు డాక్టరమ్మ గారు.

"ఎందుకమ్మా, మా ఆవిడ నాకేసింది చాలు."

ఆవిడ నవ్వలేదు. అతన్ని మళ్ళీ మళ్ళీ రప్పించారు. ముక్కాలిపీట మీద పక్కగా కూర్చోబెట్టారు. అతనికి చదువు రాదు గనక పేపరు తిరగేసి పట్టుకుని కూర్చునేవాడు. చివరికి ఒక రోజు కర్రోడు వచ్చి అతని పాదాల మీద గడ్డం ఆనించి పడుకున్నాడు. "జాలిపడేవాళ్ళకి ఇవ్వను, ఓపికున్నవాళ్ళకిస్తా" అనేవారావిడ ఎప్పుడూ. సాంబయ్యకి ఇస్తామన్నారు. మేమిద్దరం వెంట వెళ్ళాం. మందుల పెట్టె నా చేత మోయించారు. అందులో ఏముందో నాకు తెలుసు.

కల్లం నిండా ఎర్రగా కాయ. రంగు పోయిన తాలుకాయలు ఏరడానికి ఆడవాళ్ళు వచ్చారు. కర్రోడు అందరినీ వాసన చూశాడు, అందరి దగ్గరా తోక ఊపాడు. మరియమ్మ అనే ఆవిడ వాడి నెత్తి నిమిరి, "ఏందిరా, ఇంత నల్లగా పుట్టావు, మీ అమ్మ బొగ్గులు తిన్నదా?" అంది. సాంబయ్య వాడిని కాలువ దగ్గర నీళ్ళు తాగించడానికి తీసుకెళ్ళాడు. నేను డాక్టరమ్మ గారి వంక గెలిచినట్టు చూశాను.

వాళ్ళు తిరిగి వచ్చేసరికి పని మొదలైంది. కర్రోడు కల్లం అంచున ఆగాడు. మొరగలేదు. గుర్రనలేదు. ఒక్క ఊపున సాంబయ్య చేతిలోని తాడు లాక్కుని మరియమ్మ మీదికి దూకాడు. ఆమె వెల్లకిలా కాయల మీద పడింది. జాకెట్టు చెయ్యి చిరిగింది. "ఓరి దేవుడో!" అని అరుస్తూ, ఊపిరాడక, ఘాటుకి అడ్డంగా ముక్కూ నోరూ కలిపి కట్టుకున్న గుడ్డని కిందికి లాగేసుకుంది.

కర్రోడు ఆగిపోయాడు. ఆమె ముఖం చూశాడు. తోక కాళ్ళ మధ్యకి పోయింది. వణుకుతూ నేలకి కరుచుకుపోయాడు.

"చంపండి దాన్ని!" అని ఆడవాళ్ళు లేచారు. సాంబయ్య పార ఎత్తాడు. నేను పెట్టె కింద పడేసి అతని చెయ్యి పట్టుకున్నాను. డాక్టరమ్మ గారు మాత్రం కర్రోడి తాడు అందుకుని, పమిట చెంగు ముక్కు మీదుగా కట్టుకున్నారు. ఇన్నాళ్ళూ అన్నం పెట్టిన మనిషి మీద కూడా వాడి పెదవి లేచింది, పళ్ళు కనపడ్డాయి. చెంగు తీశారు. వాడు ఆవిడ పాదాలు నాకాడు. మళ్ళీ కట్టారు. మళ్ళీ పళ్ళు.

అప్పుడు అందరికీ తెలిసింది. కోల్డ్ స్టోరేజీలో మిర్చి బస్తాలు మోసేవాళ్ళంతా ముఖాలకి గుడ్డలు కట్టుకుంటారు. వాడిని కొట్టినవాళ్ళకి ముఖాలు లేవు, కళ్ళే. పాలాయనా ఆ పొద్దున చలికి మఫ్లరు చుట్టుకునే వచ్చాడు. మిర్చి పండే మా వైపు గుడ్డ కట్టుకున్న ముఖం ఎంత మామూలంటే, అది కూడా ఒక పరీక్షేనని మాలో ఎవరికీ తట్టలేదు.

ఆవిడ ముందు మరియమ్మ చెయ్యి చూశారు. పన్ను దిగలేదు, చర్మం గీరుకోలేదు. అయినా బోరు దగ్గరికి తీసుకెళ్ళి సబ్బుతో కడిగారు. తిరిగొచ్చి అందరి ముందూ దండం పెట్టారు. "తప్పు నాది మరియమ్మా. వాడికి గొడుగు చూపించా, గడకర్ర చూపించా. మనం రోజూ చూసే ముఖం చూపించలేదు."

"నీ దండం నా జాకెట్టు కుట్టుద్దా అమ్మా?"

"నేను కుడతా. గేదెల పొట్టలు కుట్టిన చెయ్యిది."

ఎవరో ఫక్కున నవ్వారు. సాంబయ్య నవ్వలేదు. "తీసుకెళ్ళండమ్మా, నావల్ల కాదు" అన్నాడు.

ఆవిడ నా దగ్గరికొచ్చి పెట్టె తీసుకుని ఆడవాళ్ళ మధ్యలో పెట్టారు. "వాడికి నయం చెయ్యొచ్చనే అనుకుంటున్నా. చెయ్యలేకపోవచ్చు కూడా. మీరు వద్దంటే ఈ పెట్టె ఇక్కడే తెరుస్తా. సాంబయ్యని అడగను. మిమ్మల్నే అడుగుతున్నా."

"ప్రాణం మీద ఓటింగా?" అని అరిచాను.

"కరిస్తే కరిచేది వాళ్ళని. నిన్ను కాదు. కూర్చో."

కూర్చోలేదు నేను. సాంబయ్య పారకీ కర్రోడికీ మధ్య నిలబడ్డాను. ఆడవాళ్ళు కల్లం చివరికి పోయి మాట్లాడుకున్నారు. గాలి వాళ్ళ మాటల్ని అటే తీసుకుపోయింది. మరియమ్మ డాక్టరమ్మ గారి దగ్గరికి తిరిగి వచ్చింది. "తాలు ఏరడం అయ్యేదాకా నువ్వు దీని తాడు పట్టుకుని ఈడ కూర్చో. నువ్వు లేస్తే అదీ లేవాల. అప్పటికీ మారకపోతే నీ పెట్టె నువ్వు తెరుచుకో."

అలా మా డాక్టరమ్మ గారు ఆ వయసులో ఎర్రటి ఎండలో కల్లం గట్టున కూర్చున్నారు. సాంబయ్య ఇంట్లోనే బస. మొదట ఆడవాళ్ళకి చాలా దూరంగా చాప వేసుకున్నారు. ఎవరైనా గుడ్డ ముఖం మీదికి లాక్కుంటే కర్రోడి ముందు ఎండుచేప ముక్క పడేది. గుడ్డ దించితే ఏమీ పడదు. చాప రోజూ కాస్త దగ్గరికి జరిగేది. వాడి ఒళ్ళు బిగిస్తే మళ్ళీ వెనక్కి. తర్వాత్తర్వాత ఆడవాళ్ళే దూరం నుంచి ముక్కలు విసిరారు. "మాకు పచ్చడి మెతుకులు, దీనికి చేపలు" అని సణుగుతూనే ఇంటి నుంచి తెచ్చి మరీ వేశారు. మధ్యలో ఒకసారి సాంబయ్య బావమరిది తలపాగా గుడ్డ ముఖానికి కట్టుకుని గట్టు వెనక నుంచి హఠాత్తుగా వచ్చాడు. కర్రోడు లేచి పళ్ళు చూపించాడు. ఆవిడ చాప చుట్టి మొదటి చోటికి తీసుకుపోయారు. నేను చిరాకుపడితే, "వాడు పళ్ళు చూపించాడురా! ఇదివరకు అదీ లేదు, ఒకేసారి దూకేవాడు. ఇప్పుడు చెప్తున్నాడు" అని సంతోషపడ్డారు.

తాలు ఏరడం ముగిసే రోజు వచ్చింది. ఆవిడ తాడు నేల మీద వదిలేశారు. కాకపోతే దాని చివర బూటు కింద తొక్కిపెట్టారు. సాంబయ్య చేతిలో పార ఉంది. నా చేతిలో పెట్టె ఉంది. మరియమ్మ కళ్ళ దాకా గుడ్డ కట్టుకుని, చేతిలో ఏమీ లేకుండా, నేరుగా కాకుండా ఆవిడ నేర్పినట్టు ఓరగా నడుచుకుంటూ వచ్చింది. కర్రోడు లేచాడు. చెవులు వెనక్కి పోయాయి. ఒక అడుగు వేశాడు. తాడు బిగిసింది. బూటు కదల్లేదు. అప్పుడు మరియమ్మ ఎవరూ చెప్పకుండానే ఆగి, పక్కకి తిరిగి, చెయ్యి కిందికి వేలాడేసింది. వాడు మెడ సాచి ఆ వేళ్ళు వాసన చూశాడు. మూతితో చెయ్యి తిరగేసి చూశాడు. చేప లేదు. అయినా ఒకసారి నాకి, కాయల కుప్ప పక్కన పడుకున్నాడు.

"సచ్చినోడా, నా జాకెట్టు గుర్తుందా?" అంది మరియమ్మ. సాంబయ్య పార గట్టు మీద పడేశాడు.

డాక్టరమ్మ గారు సాంబయ్యకి జాగ్రత్తలు చెప్పారు. కొత్తవాళ్ళు వస్తే ముందు తాడు వెయ్యాలి. చేప ముక్కలు అందుబాటులో ఉండాలి. తను మళ్ళీ వచ్చి చూస్తారు. తర్వాత నన్ను పిలిచి, "వెనక్కి చూడకు. చూస్తే వాడు మన వెంట పడతాడు" అని గట్టు మీదుగా నడిచారు. అందరితో పాటు తనూ కట్టుకున్న తువ్వాలు ముఖం మీద అలాగే ఉంది. రోడ్డెక్కాక తీస్తారనుకున్నాను, తియ్యలేదు. బస్సులో కండక్టరు, "ఏమ్మా, ఇంకా కరోనా పోలేదా?" అని హాస్యమాడాడు. ఆవిడ తువ్వాలు పై అంచు తడిసి ఉంది. కిటికీ పక్కన కూర్చుని, ముఖమంతా కప్పుకుని, చీరాల వచ్చేదాకా రెండు కళ్ళతో వెనక్కి పోతున్న ఎర్రటి కల్లాల్ని చూస్తూనే ఉన్నారు.