ఇస్తారి అరచెయ్యి

కోదాడ పశువుల దవాఖానలో ఇస్తారి ఇరవై ఆరేళ్లుగా అటెండరు. బర్రె వీపు మీద అరచెయ్యి వేసి దాని బరువు చెప్పేస్తాడు. పిల్లిని మాత్రం తూచకుండా మత్తుసూది వెయ్యకూడదని డాక్టర్ ఉషారాణి అన్నప్పటి నుంచి, ఆ చేతిని ఏం చేసుకోవాలో అతనికి తోచడం లేదు. ఆ రోజు చిలుకూరు టీచరమ్మ పిల్లికి ఆపరేషన్. దాన్ని సంచీలో పెట్టి రెండుసార్లు తూచాడు. సూది వేసిన ఐదు నిమిషాలకు పిల్లి మెత్తగా వాలిపోయింది కానీ కళ్లు తెరిచే ఉన్నాయి. ఇస్తారి చెయ్యి తనంతట తానే వెళ్లి, పోయినవాళ్లకు మూసినట్టు ఆ రెప్పలు మూసింది. అవి మళ్లీ తెరుచుకున్నాయి.

"ఏమైంది ఇస్తారన్నా?" టీచరమ్మ బల్ల దగ్గరికి వచ్చింది.

"పండుకున్నదమ్మా," అన్నాడు, తనకే నమ్మకం లేకుండా.

"ఈ మత్తుల కండ్లు మూతపడవు ఇస్తారీ. ఎండిపోకుంట మందు పెట్టు," అంది డాక్టరు.

పెట్టాడు. ఆపరేషన్ అయిపోయినా, ఊపిరి చూసేందుకు పిల్లి పక్కటెముకల మీద వేసిన అరచెయ్యి తియ్యలేదు. గంట తర్వాత పిల్లి తల కదిలించి అతని వేలు నాకింది.

"మేడం, జర సూడుండ్రి," అన్నాడు ఇస్తారి. "గిది లేసినట్టేనా?"