జావియక్క వేసిన ఆఖరి ముడి

జావియక్కకు చేతులు తప్ప వేరే చదువు లేదు. ఆ మాట ఆమే అనేది, పైగా గొప్పగా అనేది. పినాంగ్‌లోని బయాన్ లెపాస్‌లో చిప్పుల ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లు మైక్రోస్కోపు కింద వెంట్రుకల్లాంటి తీగలు అతికించింది. అందులో పదకొండేళ్లు ఆమె పక్క కుర్చీ నాదే. ఆ ఫ్యాక్టరీ మూటాముల్లె సర్దుకుని వేరే దేశం పోయాక ఇద్దరం వచ్చి ఈ చిన్న కంపెనీలో తేలాం. తొమ్మిదిమందిమి, ఒక గాజుగది, అందులో బ్రెడ్డు ముక్కలు పెట్టుకునే డబ్బా అంత ఉపగ్రహం. ఆమె కట్టేది, నేను తనిఖీ చేసి సంతకం పెట్టేదాన్ని.

ఆ డబ్బా చేసే పని చిన్నదే. సముద్రంలో చిన్న పడవలు ఆపదలో పడితే అవి పంపే సంకేతాన్ని విని ఒడ్డుకు చేరవేయాలి. తెలుక్ కుంబార్ అనే జాలర్ల ఊళ్లో నలభై పడవలకు ముందుగా ఆ సంకేతం పంపే యంత్రాలు బిగించారు. అందులో జావియక్క మొగుడు దెరాహిమ్ పడవ ఒకటి. అందుకే ఆ ఉపగ్రహాన్ని ఆమె కంపెనీ సొత్తనుకోలేదు, ఇంటి సామాను అనుకుంది.

మా ఇంజనీరు కియాన్ హూకి ఇరవై తొమ్మిదేళ్లు. ఉపగ్రహం గురించి ఎక్కడ పట్టుకున్నా చెబుతాడు, దారానికి ముడి వెయ్యమంటే మాత్రం నీళ్లు నములుతాడు. ముడితో పనేంటంటారా? మా డబ్బాకు కొలిచే టేపులాంటి స్టీలు రేకులు రెండుంటాయి. అవే దాని నోరు, చెవి. వాటిని మడిచి నైలాన్ దారంతో కట్టి పంపుతాం. పైకెళ్లాక లోపలి తీగ ఒకటి వేడెక్కి దారాన్ని కాలుస్తుంది. ముడి ఉన్న కొస సన్నటి రంధ్రంలోంచి జారిపోతుంది, రేకులు విచ్చుకుంటాయి. నేలమీద ఎన్నిసార్లైనా కాల్చి చూసుకోవచ్చు, కానీ కాల్చిన ప్రతిసారీ మళ్లీ కట్టాల్సిందే. కాబట్టి ఆఖరున వేసిన ముడి పనిచేస్తుందో లేదో భూమ్మీద ఎవరూ చూడలేరు. అది నమ్మకం మీద వెళ్తుంది.

కియాన్ హూ కట్టిన ముడి కుదుపుల పరీక్షలో వదులైంది. మర్నాడు పొద్దున్నే వాడు డబ్బా తీసుకుని విమానం ఎక్కాలి. రాకెట్టు మా ఒక్కరిది కాదు. యాభై మూడు ఉపగ్రహాలు పంచుకున్న ప్రయాణం అది.

"బస్సు మనకోసం ఆగదక్కా, నువ్వే కట్టాలి" అన్నాడు.

జావియక్క కూర్చుని రెండు నిమిషాల్లో ముడి వేసింది. ఆపైన వేడి సోల్డరింగ్ మొన తీసుకుని దారం కొసకు అలా తాకించింది. నైలాన్ కరిగి ఆవగింజంత పూస కట్టింది.

"ఇదేంటక్కా, ఇది పని పద్ధతి రాసిన కాగితంలో లేదుగా" అన్నాను.

"ఆ కాగితం రాసినవాడు ఎప్పుడైనా వల కట్టాడా? కొస కాల్చని నైలాన్ జారిపోతుంది చెల్లీ. మా నాన్న కొస కాల్చకుండా ఒక్క ముడి నీళ్లలోకి దించలేదు."

కియాన్ హూ భూతద్దంలో చూసి, "దీన్ని విప్పాలంటే దేవుడు దిగిరావాలి" అని నవ్వాడు. నాకూ ముచ్చటేసింది. జారడానికే కట్టే ముడిని జారకుండా చేశామని ముగ్గురిలో ఒక్కరికి తట్టి ఉంటే ఎంత బాగుండేది. నా తలకాయ, సంతకం పెట్టింది నేనే.

తొమ్మిది రోజుల తర్వాత మత్స్యశాఖ వాళ్లు చూడటానికి వచ్చారు. వాళ్లకు చూపించడానికి గాజుగదిలో జోడు డబ్బా ఒకటి ఉంది. జావియక్క దానికీ అలాగే కట్టి, అలాగే కొస కాల్చి, మీట నొక్కింది. సన్నగా కాలిన వాసన వచ్చింది. రేకులు కదల్లేదు. వచ్చినాయన మర్యాదగా, "ఇంకా టైం పడుతుందా అమ్మా?" అని అడిగాడు. ఆమె భూతద్దం మీదకు వంగింది.

"పూస పట్టేసింది చెల్లీ" అంది మెల్లగా.

అతిథుల్ని టీకి పంపించి పదిసార్లు కట్టి పదిసార్లు కాల్చాం. ఆరుసార్లు పూస ఎలాగో ఈడ్చుకుంటూ బయటపడింది. నాలుగుసార్లు రంధ్రంలో ఇరుక్కుపోయింది.

కియాన్ హూకి ఫోన్ చేశాం. వాడు అంతా విని అక్కడి సంగతి చెప్పాడు. పొడుగాటి పెట్టెలో మూడు ఉపగ్రహాలు ఒకదాని వెనక ఒకటి దూర్చి మూసేశారు. మాది అట్టడుగున ఉంది. పైనున్న రెండూ వేరే దేశాల వాళ్లవి.

జావియక్క ఫోన్ నా చేతిలోంచి లాక్కుంది. "నన్ను అక్కడికి రప్పించు. గోళ్లు తీసుకునే కత్తెర చాలు. ఐదు నిమిషాల పని."

"తెలుసక్కా. కానీ పెట్టె తెరవాలంటే ఆ ఇద్దరూ ఒప్పుకోవాలి. తెరిస్తే వాళ్ల పరీక్షలన్నీ మళ్లీ మొదటికొస్తాయి. ఈలోగా రాకెట్టు వెళ్లిపోతుంది."

"పోనీ మనది దించేయమను. తర్వాతి రాకెట్టులో పంపుదాం."

"దించాలన్నా పెట్టె తెరవాల్సిందేగా."

"ఇవాళ అడుగుతావా వాళ్లని?"

"ముందు ఉత్తరం రాసి అడుగుతా. కాదంటే కాళ్లు పట్టుకుంటా."

పాపం, అన్నంత పనీ చేశాడు. ఒకతను రెండు ముక్కల్లో కుదరదన్నాడు. రెండో ఆవిడ మాత్రం క్షమించమంటూ పేజీ నిండా రాసింది. ఆమెదీ ఆరేళ్ల కష్టమట. ఆ ఉత్తరం చదివి నేను తిట్టబోయాను, తిట్టడానికి ఏమీ దొరకలేదు. ఆమె స్థానంలో నేనున్నా అదే రాసేదాన్ని.

ప్రయోగం దాకా ఉన్న ఆ మూడు వారాలు జావియక్క కాలుగాలిన పిల్లిలా తిరిగింది. నాసి కందార్ అన్నం, కూర పొట్లం తెచ్చి ముందు పెడితే పేరుకు రెండు ముద్దలు తిని లేచిపోయేది. దెరాహిమ్‌కు చెప్పావా అని అడిగాను. చెప్పిందట. ఆయన వల విప్పుకుంటూ, "ఇన్నాళ్లూ ఆ డబ్బా ఉండే సముద్రంలోకి వెళ్లామా?" అన్నాడట. ఆ మాటకు ఏడుపొచ్చిందని చెప్పింది. తిట్టి ఉంటే సుఖంగా ఉండేదట.

ప్రయోగం మధ్యాహ్నం జరిగింది. తెర మీద రాకెట్టు లేచినప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు. జావియక్క చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. యాభై మూడూ ఒక్కొక్కటే విడిపోయాయని ప్రకటించారు. మర్నాడు పదింటికి మాది పినాంగ్ మీదుగా తొలిసారి దాటింది. పదకొండు నిమిషాలు చెవులు రిక్కించాం. గరగర తప్ప ఏమీ లేదు. అదే పెట్టెలోంచి దిగిన మిగతా రెండూ సాయంత్రానికల్లా పలికాయి. పేజీ నిండా రాసిన ఆవిడ మాకు ధన్యవాదాలు కూడా పంపింది. నాకు ఒళ్లు మండిపోయింది.

పన్నెండు రోజులు విన్నాం. కంపెనీలో జావియక్కను ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆమె ఎదురుపడితే గొంతులు తగ్గించేవాళ్లు, అది ఇంకా ఘోరం. పదమూడో రోజు కియాన్ హూ సంకేతాలు వినే యంత్రం ఆపేస్తుంటే ఆమె వెళ్లి పక్కన నిలబడింది.

"అది చచ్చిపోయిందా?"

వాడు అబద్ధం చెప్పలేని మనిషి. "చచ్చిపోయి ఉండదక్కా. దాని ఒంటికి ఎండ తగులుతుంది, బ్యాటరీ నిండుతుంది. బతికే ఉండొచ్చు."

"నోరు కట్టేసి పంపించాను" అంది ఆమె. వాడు యంత్రం తీగలు చుట్టడం మొదలుపెట్టాడు.

"మరి పైన ఏం చేస్తుంటుంది?"

"రేకులు తెరుచుకోకపోతే గంటకోసారి ఆ తీగ వేడిచేసుకోమని రాశాం. అదే చేస్తుంటుంది."

"దారం మొదటిసారే కాలిపోయి ఉంటుంది. ఇంకేం కాలుస్తుంది?"

"ఏమీ లేదు. దానికి ఆ సంగతి తెలీదు."

"ఎన్నాళ్లు?"

"కిందికి పడి కాలిపోయేదాకా. ఐదారేళ్లు పట్టొచ్చు."

జావియక్క కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఇక చాలు, ఆపెయ్యమని చెప్పు బాబూ దానికి" అంది.

"మన మాట దానికి వినబడదక్కా" అన్నాడు కియాన్ హూ.